అమ్మకు మాత్రమే తెలిసిన తమ్ముడి భాష

రేపల్లె_అక్క
జూన్ 9, రాత్రి 10.40

సభ్యులందరికీ నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. పుట్టిన వెంటనే ఏడవలేదు, మెదడుకు ఊపిరి అందలేదని అప్పుడు డాక్టర్లు చెప్పారు. సదరం సర్టిఫికెట్‌లో 90 శాతం మేధో వైకల్యం అని ఉంది. మాటలు రావు. మూర్ఛకు చిన్నప్పటి నుంచి ఫెనిటాయిన్ మాత్రలు వాడుతున్నాడు. నడుస్తాడు, అన్నం కలిపి పెడితే తనంతట తాను తింటాడు, తక్కిన పనులన్నిటికీ పక్కన మనిషి ఉండాలి. ఇన్నేళ్లూ ఆ మనిషి మా అమ్మే.

ఏప్రిల్‌లో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. గుంటూరులో 3 వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. మేము చెప్పేది ఆమెకు అర్థమవుతున్నట్లే కనిపిస్తుంది గాని, ఏది చెప్పబోయినా నోటి నుంచి 'అదీ, అదీ' అన్న మాట ఒక్కటే వస్తుంది. నేను హైదరాబాదులో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాను.

అమ్మ బాగున్న రోజుల్లో వాడు గడప మీద మెటికలతో కొడితే, అమ్మ వంటింట్లో నుంచే 'వాడికి మంచినీళ్లు ఇవ్వమ్మా' అనేది. తన కొంగు లాగి తల మీద వేసుకుంటే 'నిద్ర వస్తోంది నాన్నకు' అని చాప పరిచేది. 'ఊఁ' అని కింది నుంచి పైకి సాగదీస్తే వీధి గేటు తీసేది. నాకు గుర్తున్నవి ఇంతే. ఇంకా ఎన్నో ఉన్నాయని ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే వాడు రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు, నేను తెల్లమొహం వేసుకొని చూస్తూ ఉంటాను. 2 వారాలుగా సరిగ్గా తినడం లేదు. ఎడమ దవడ మీద అరచేత్తో కొట్టుకుంటున్నాడు. ఒక్కోసారి గోడకు నుదురు ఆనించి ఊగుతూ నిలబడతాడు, పిలిచినా రాడు. అమ్మ మంచం మీద నుంచి అది చూసి ఏడుస్తుంది. ఆమెకు తెలుసు గాని చెప్పలేకపోతోంది. వాడు చెబుతున్నాడు గాని నాకు తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

డాక్టర్_కర్నూలు
జూన్ 10, ఉదయం 6.15

అన్నిటికంటే ముందు దవడ సంగతి చూడండి. మాట రాని మనిషి కొత్తగా తనను తాను కొట్టుకోవడం మొదలుపెట్టి, తిండి తగ్గించాడంటే, అది అమ్మ మీద బెంగ అని అనుకొని ఊరుకోకూడదు. పుచ్చిన పన్ను, చెవిలో గులిమి లేదా చీము, మలబద్ధకం, గొంతులోకి ఎగదన్నే పులితేనుపు అనే వాటిని ఒక్కొక్కటిగా చూసి పక్కన పెట్టాలి. ఫెనిటాయిన్ చాలా ఏళ్లు వాడినవారిలో చాలామందికి చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరుగుతాయి, వాటి కింద ఆహారం ఇరుక్కొని పళ్లు పాడవుతాయి. ఈ వారంలోనే దంతవైద్యుడికి చూపించండి. అయితే చిగుళ్లు వాచాయని మాత్ర మీ అంతట మీరు ఆపవద్దు, ఒక్కసారిగా ఆపితే మూర్ఛ తెరిపి లేకుండా వచ్చే ప్రమాదం ఉంది. మార్చాలా వద్దా అన్నది నరాల డాక్టరు చెప్పాలి.

స్పీచ్_థెరపిస్టు_హనుమకొండ
జూన్ 10, మధ్యాహ్నం 2.05

రేపల్లె అక్కగారికి, డాక్టరుగారు చెప్పినది ముందు చేయండి. అదే ప్రయాణంలో చెవులు కూడా చూపించండి. తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారిలో వినికిడి లోపం ఎక్కువగా ఉంటుంది, 'పిలిస్తే పలకడు, అర్థం కాదు' అని ఇంట్లో స్థిరపడిపోవడం వల్ల దాన్ని ఎవరూ పట్టించుకోరు. నిద్రలో ఉండగానే చేయగల బెరా అనే వినికిడి పరీక్షకు ఆయన సహకరించాల్సిన పని కూడా లేదు.

ఇక మీ ప్రశ్న. మాటలు రావని మీరు రాసిన పేరా కిందనే ఆయన చెప్పే మాటలు మూడు రాశారు. గడప చప్పుడు, కొంగు, 'ఊఁ' అనే సాగదీత. కొత్త భాష నేర్పడంతో కాకుండా, ఉన్న భాషను మీరు నేర్చుకోవడంతో మొదలుపెట్టాలి.

సర్టిఫికెట్‌లోని 90 అన్న అంకె ఈ విషయంలో ఏమీ చెప్పదు. అమెరికాలో ఒరెగాన్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి చెందిన చారిటీ రోలాండ్ 1990లో రూపొందించిన 'కమ్యూనికేషన్ మ్యాట్రిక్స్' అనే, మనిషి ఎలా చెబుతున్నాడో అంచనా వేసే పట్టిక నాకు ఎక్కువ ఉపయోగపడింది. అందులో 7 మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో శరీరం తనకు తానుగా స్పందిస్తుంది, ఆకలికి ఏడవడం లాంటిది, అర్థం చెప్పుకొనేది పక్కనున్నవారే. రెండో మెట్టులో మనిషి కావలసిన దాని వైపు వెళతాడు గాని ఎదుటివారిని అడగాలన్న ఊహ ఉండదు. మూడో మెట్టులో లాగడం, తోయడం, అరవడం వంటివి ఎదుటి మనిషిని ఉద్దేశించి చేస్తాడు. నాలుగులో వేలు చూపడం, తల ఊపడం వంటి అందరికీ తెలిసిన సైగలు వస్తాయి. బొమ్మలు, వస్తువులు అయిదో మెట్టు. విడి మాటలు లేదా సంజ్ఞలు ఆరు, వాటిని కలిపి చెప్పడం ఏడు. కొంగు లాగి తల మీద వేసుకొనే మీ తమ్ముడు కనీసం మూడో మెట్టు మీద ఉన్నాడు. అక్కడున్న మనిషికి అయిదో మెట్టు మీది బొమ్మల పుస్తకం ఇచ్చి, 'ప్రయత్నించాం, ఫలితం లేదు' అనడం మా వృత్తిలో ఎక్కువగా జరిగే పొరపాటు.

అమ్మగారి గురించి ఒక మాట. కుడివైపు పక్షవాతంతో మాట పోవడం మెదడు ఎడమభాగం దెబ్బతిన్నప్పుడు సాధారణంగా జరుగుతుంది. మాట పోయింది గాని తెలిసినవి పోలేదు. మీ తమ్ముడు చేసే ఒక్కొక్క పనిని ఫోనులో అర నిమిషం వీడియో తీసి, గదిలో చప్పుడు లేనప్పుడు ఆమెకు చూపించండి. 'ఇదేమిటమ్మా' అని అడగకండి, ఆ ప్రశ్నకు మాటతో జవాబు చెప్పాలి. గ్లాసు, దుప్పటి, చెప్పులు, కంచం ఆమె ఎడమచేతికి అందేలా పెట్టి, ఏది ముట్టుకుంటుందో చూడండి. లేదా 'నువ్వైతే ఏం చేస్తావు' అని అడిగి, ఆ పని చేసి చూపించమనండి. అవును, కాదు అన్న తల ఊపును మాత్రం మొదట్లో నమ్మవద్దు. మాట పోయినవారిలో అవి తారుమారు అవుతుంటాయి. ముందు జవాబు మీకు తెలిసిన ప్రశ్నలు నాలుగైదు అడిగి, ఆమె తల ఊపు ఎంత నిలకడగా ఉందో చూసుకోండి. తర్వాత ఏ ప్రశ్ననైనా తిరగేసి మళ్లీ అడగండి.

అనంతపురం_నాన్న
జూన్ 10, రాత్రి 9.30

బొమ్మల విషయంలో థెరపిస్టుగారు చెప్పినది మా ఇంట్లో అక్షరాలా జరిగింది. మా బాబుకు 60 బొమ్మలు లామినేషన్ చేయించాం. అన్నం, నీళ్లు, బస్సు, అమ్మ, నాన్న, అన్నీ చక్కటి రంగుల్లో. మా బాబు వాటిని కొరికాడు. అంచులు నమిలి నమిలి ప్లాస్టిక్ విడిపోయింది. తర్వాత ఎవరో చెబితే అప్పు చేసి ట్యాబ్ కొన్నాం. తెర మీద చెయ్యి పెడితే మాట వస్తుంది, అదంతా నిజమే, కానీ ఆ చదునైన గాజుపలకలో ఉన్న గ్లాసు బొమ్మకూ తన చేతిలోని గ్లాసుకూ సంబంధం ఉందని వాడికి తెలియాలి కదా. చెన్నైలో తయారైన అవాజ్ లాంటి, బొమ్మ ముట్టుకుంటే మాట పలికే యాప్‌లు కొందరు పిల్లల జీవితాలను మార్చాయి, నేను కాదనను. మా బాబుకు మాత్రం అది అప్పటికి అందని మెట్టు. డబ్బు పోయినందుకు కాదు, ఆ 2 సంవత్సరాలు వాడు నిజంగా చేస్తున్న సైగలను మేము చూడకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

భవిత_టీచరు
జూన్ 11, సాయంత్రం 5.50

నేను ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో పనిచేస్తున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వారానికోసారి వెళతాను. బొమ్మలు అందని పిల్లలకు వస్తువులే భాష. నెదర్లాండ్స్‌లో చూపు, వినికిడి రెండూ లేని పిల్లలతో పనిచేసిన యాన్ వాన్ డైక్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థలో మేము చదువుకున్నప్పుడు నేర్చుకున్నాం. ఒక పనికి ఒక వస్తువు. పని మొదలవడానికి సరిగ్గా ముందు ఆ వస్తువును చేతికి ఇవ్వాలి, ప్రతిసారీ అదే వస్తువు ఇవ్వాలి, ఇంట్లో ఎవరు చేయించినా అలాగే చేయాలి.

చెప్పడానికి సులువుగా ఉంటుంది గాని, వస్తువును ఎంచుకోవడంలోనే ఉంది కష్టం. నేను వెళ్లే ఒక ఇంట్లో 14 ఏళ్ల పాపకు స్నానం కోసం చెంబు ఇచ్చేవారు. చెంబు ఇవ్వగానే పాప నోరు తెరిచేది, స్నానాలగదిలోకి తీసుకెళితే గోల చేసేది. మొండితనం అనుకున్నారు. మూడోసారి వెళ్లినప్పుడు నాకు తట్టింది, ఆ ఇంట్లో మంచినీళ్లు తాగేది కూడా అదే చెంబుతో. పాప సరిగ్గానే అర్థం చేసుకుంది, తప్పు మాటను వాడింది మేము. చెంబు తీసేసి ఎండిన బీరపీచు ముక్క ఇచ్చాం. అది గరుకుగా ఉంటుంది, సున్నిపిండి వాసన వేస్తుంది, మరే పనికీ వాడరు. ఆరేడు వారాలు పట్టింది. ఇప్పుడు బీరపీచు చేతికిస్తే దాన్ని చెంపకు రాసుకొని తానే లేచి నడుస్తుంది. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం మేకుకు తగిలించిన బీరపీచును తానే లాగి తల్లి ఒడిలో పడేసిందట. తల్లి వెంటనే రెండోసారి స్నానం చేయించింది. ఆ స్నానం చేయించినందుకు నేను ఆ తల్లికి దణ్ణం పెట్టాను, ఎందుకంటే మొదటిసారి అడిగినప్పుడు 'ఇప్పుడు కాదు' అని ఉంటే, అడిగితే జరుగుతుందన్న సంగతి ఆ పాపకు తెలిసేదే కాదు.

అక్కగారూ, మీ తమ్ముడికి కొంగు అంటే నిద్ర. అమ్మగారు ఇప్పుడు మంచం మీద ఉన్నారు, మీరు బహుశా చీర కట్టుకోవడం లేదు. ఆమె పాత చీర కొంగు ఒక మూర కత్తిరించి వాడికి అందేచోట ఉంచండి.

రేపల్లె_అక్క
జూన్ 11, రాత్రి 11.20

నేను చుడీదార్ వేసుకుంటున్నాను. వాడు నా చున్నీని రెండుమూడుసార్లు లాగితే చెయ్యి విడిపించుకున్నాను. ఈ మాట రాస్తుంటే నాకు చెయ్యి ఆడటం లేదు.

లీడ్స్_నర్సు
జూన్ 12, తెల్లవారుజామున 3.10

మీరు తప్పు చేయలేదమ్మా, మీకు ఎవరూ చెప్పలేదు, అంతే. నేను నెల్లూరు నుంచి వచ్చి ఇంగ్లండులో తీవ్ర మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల గృహంలో పనిచేస్తున్నాను. ఇక్కడ 'ఇంటెన్సివ్ ఇంటరాక్షన్' అనే పద్ధతి వాడతాం. 1980లలో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని హార్పర్‌బరీ ఆసుపత్రి బడిలో డేవ్ హ్యూయెట్, మెలనీ నిండ్, వారి సహోద్యోగులు దాన్ని రూపొందించారు. పసిబిడ్డతో తల్లి మాట్లాడే తీరును చూసి గెరాంట్ ఎఫ్రాయిమ్ అనే మనస్తత్వవేత్త చేసిన ఆలోచన దానికి మూలం. బిడ్డ 'ఉంగా' అంటే మనవాళ్లు తిరిగి 'ఉంగా' అని, ఆగి, బిడ్డ వంతు కోసం ఎదురుచూస్తారు కదా, అదే. పని చేయించడం, నేర్పించడం, పరీక్షించడం ఏమీ ఉండవు.

మా దగ్గర ఒక పెద్దాయన రోజంతా కుర్చీ చేతి మీద గోళ్లతో గీకేవారు. ఏళ్ల తరబడి దాన్ని 'అలవాటు' అని రాసి పెట్టారు. నేను పక్కన కూర్చొని అదే చెక్క మీద అదే లయలో గీకాను. 9 రోజులు ఆయన నావైపు చూడలేదు. పదో రోజు గీకడం ఆపారు. నేనూ ఆపాను. ఆయన ఒక్కసారి గీకి, ఆగి, నా చేతి వైపు చూశారు. నేను ఒక్కసారి గీకాను. ఆ మధ్యాహ్నం మేమిద్దరం పావుగంట అలా గడిపాం. ఆయనకు ఏమీ అవసరం లేదు, ఏమీ అడగడం లేదు, ఒక మనిషితో ఉన్నారు, అంతే. మనం ఇళ్లలో 'ఏం కావాలి, ఏం కావాలి' అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాం. ఏమీ అక్కరలేకుండా పక్కన కూర్చోవడం కూడా సంభాషణే.

ఇంకొకటి. అడిగిన తర్వాత ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలామందికి మన మాట లోపలికి వెళ్లి, జవాబు శరీరంలోకి రావడానికి అంత సమయం పడుతుంది. మూడు లెక్కపెట్టేలోపే మనం రెండో ప్రశ్న వేసి మొదటి జవాబును తొక్కేస్తాం.

విజయవాడ_కొత్తసభ్యుడు
జూన్ 13, ఉదయం 8.00

అందరూ ఇంత చిన్న విషయాల గురించి మాట్లాడటం నాకు ఆశ్చర్యంగా ఉంది. మా అన్నయ్యగారి అబ్బాయిని ఒక కేంద్రానికి తీసుకెళితే, అక్కడి మేడమ్ వాడి మణికట్టు పట్టుకొని అక్షరాల పలక మీద వాక్యాలు రాయించారు. 'నాకు అన్నీ అర్థమవుతాయి, నన్ను చిన్నపిల్లాడిలా చూడకండి' అని ఇంగ్లిషులో రాశాడు. ఇల్లంతా ఏడ్చాం. మీ తమ్ముడి లోపల కూడా పూర్తి మనిషి ఉన్నాడు. గడప చప్పుళ్లు లెక్కపెట్టడం మాని అక్కడికి తీసుకెళ్లండి.

స్పీచ్_థెరపిస్టు_హనుమకొండ
జూన్ 13, ఉదయం 10.45

మీ కుటుంబం ఏడ్చిన ఏడుపు నిజమైనది, దాన్ని నేను తేలిక చేయను. కానీ ఈ వేదికలో చదివే తల్లిదండ్రుల కోసం ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పక తప్పదు.

చెయ్యి పట్టి రాయించే ఈ పద్ధతి 1970లలో ఆస్ట్రేలియాలో మొదలై, 1990 ప్రాంతంలో అమెరికాలో విపరీతంగా వ్యాపించింది. అప్పుడు పరీక్షలు పెట్టారు. చెయ్యి పట్టుకొన్న మనిషికి ఒక బొమ్మ, రాయవలసిన మనిషికి మరొక బొమ్మ, ఒకరిది ఒకరికి కనిపించకుండా చూపించారు. రాయవలసిన మనిషి చూసినది కాకుండా, చెయ్యి పట్టుకొన్న మనిషి చూసిన బొమ్మ పేరే పలక మీద వచ్చింది. చెయ్యి పట్టినవారు మోసగాళ్లు కారు, తమ వేళ్లే నడిపిస్తున్నాయని వారికే తెలియదు, ఫలితం చూసి కొందరు కుప్పకూలిపోయారు. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 1990లలోనే దీనికి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది, 2018లో దీన్ని వాడవద్దని చెప్పింది, పలకను మరొకరు గాలిలో పట్టుకొని రాయించే పద్ధతిని కూడా 2018లో కలిపింది.

మీ ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడని అబ్బాయికి ఇంగ్లిషు వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. వీలైతే మేడమ్ గదిలో లేనప్పుడు అబ్బాయికి ఒక వస్తువు చూపించి, ఆమె వచ్చాక అదేమిటో రాయించమనండి. ఆ వాక్యం మేడమ్‌దే అయితే, అబ్బాయి నిజంగా చెబుతున్నది వినేవారు ఇంట్లో ఎవరూ మిగలరు, అందరూ పలక వైపే చూస్తారు. లోపల పూర్తి మనిషి ఉన్నాడన్న మీ మాటను మాత్రం నేను ఒప్పుకుంటాను. ఆ మనిషి గడప మీద కొడుతున్నాడు.

విజయవాడ_కొత్తసభ్యుడు
జూన్ 13, రాత్రి 10.10

ఈ మాటలు చదివి చాలా బాధపడ్డాను. అన్నయ్యకు ఇంకా చూపించలేదు. వస్తువు చూపించే పరీక్ష చేయించాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

అనంతపురం_నాన్న
జూన్ 14, ఉదయం 7.20

తొందర లేదు బాబూ. తేల్చుకున్నాక ఏం తెలిసినా ఇక్కడికి రండి. మీ అబ్బాయి అన్నం తినేటప్పుడు, నిద్రపోయేముందు ఏమేం చేస్తాడో ఈలోగా రాసి పెట్టండి, పరీక్ష ఎలా తేలినా అది పనికొస్తుంది.

రేపల్లె_అక్క
జూన్ 18, సాయంత్రం 6.30

దంతవైద్యుడికి చూపించాం. ఎడమవైపు కింది దవడపన్ను లోపలి దాకా పుచ్చింది, చిగురు దాని మీదికి పెరిగి పైకి కనిపించలేదు. డాక్టరుగారు చెప్పినట్లే అది మాత్రల వల్లేనన్నారు. మత్తు ఇచ్చి పన్ను తీశారు. మూడో రోజు నుంచి దవడ మీద కొట్టుకోవడం లేదు, నిన్న రాత్రి పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. రెండు వారాలు వాడు నొప్పి అని చెబుతుంటే నేను బెంగ అనుకున్నాను. నరాల డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే నెలలో ఉంది.

అమ్మ పాత నేత చీర కొంగు కత్తిరించి మంచం కోడుకు కట్టాం.

సంరక్షణగృహం_రాజమండ్రి
జూన్ 19, మధ్యాహ్నం 1.15

నేను పెద్దవాళ్ల గృహంలో 11 ఏళ్లుగా ఆయాల పనిని పర్యవేక్షిస్తున్నాను. మా దగ్గర ఆయాలు ఏడాదికి సగంమంది మారిపోతారు. ఒక ఆయా వెళ్లిపోతే ఆమెకు తెలిసిన ఆరుగురి భాష ఆమెతో పాటు బస్సెక్కి వెళ్లిపోతుంది. అందుకని ప్రతి మనిషికీ ఒక 200 పేజీల నోటుపుస్తకం పెట్టాం. నాలుగు గళ్లు గీస్తాం. అప్పుడు ఏం జరుగుతోంది, ఆ మనిషి ఏం చేశాడు, మేము ఏమనుకున్నాం, మేము ఏం చేస్తే ఏమైంది. మూడో గడిని పెన్సిలుతో రాయమని చెబుతాను, ఎందుకంటే అది ఊహ, ఎక్కువసార్లు మారేది అదే. 'కోపంగా ఉన్నాడు' అని రెండో గడిలో ఎవరైనా రాస్తే చెరిపిస్తాను. 'కుడిచెవి పట్టుకొని కిందికి లాగాడు, కాలు నేలకు కొట్టాడు' అని రాయాలి. కోపమా, చెవిపోటా అన్నది తర్వాతి సంగతి.

మీరు కూడా అలాగే రాయండి. సెలవు అయిపోయాక మీ ఇంట్లో పనికి ఒక మనిషిని పెట్టుకోవలసి వస్తుంది, ఆమెకు మొదటి రోజే ఆ పుస్తకం ఇవ్వవచ్చు.

లీడ్స్_నర్సు
జూన్ 20, తెల్లవారుజామున 2.40

ఆ పుస్తకంతో పాటు ఒక్క కాగితం విడిగా తయారు చేయండి, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి. ఇక్కడ 2007లో మెన్‌క్యాప్ సంస్థ మేధో వైకల్యం ఉన్న ఆరుగురు ఆసుపత్రుల సంరక్షణలో ఎలా చనిపోయారో నివేదిక ప్రచురించింది. వారిలో పక్షవాతంతో చేరిన ఒకాయన మింగలేక, అడగలేక 26 రోజులు ఆహారం లేకుండా ఉన్నారు. ఇప్పుడు మా గృహంలోని ప్రతి మనిషితో పాటు ఆసుపత్రికి ఒక పరిచయపత్రం వెళుతుంది. నొప్పి వస్తే ఏం చేస్తాడు, బాగున్నప్పుడు ఎలా ఉంటాడు, ఎలా మింగుతాడు, ఏ మందులు పడవు, ఎవరి గొంతు వింటే నిమ్మళిస్తాడు. బాగున్నప్పుడు ఎలా ఉంటాడన్న గడి ముఖ్యం, అది లేకపోతే కొత్త డాక్టరుకు ఏది తేడానో తెలియదు. మీ తమ్ముడి కాగితం మీద మొదటి వాక్యం మీకు ఇప్పటికే తెలుసు, ఎడమ దవడ మీద అరచెయ్యి.

రేపల్లె_అక్క
జూలై 6, రాత్రి 10.00

థెరపిస్టుగారు చెప్పినట్లు వీడియోలు తీశాను, మొత్తం 17. ముందుగా జవాబు తెలిసిన ప్రశ్నలతో అమ్మను అడిగాను. 'నా పేరు ఇదేనా', 'మనం గుంటూరులో ఉన్నామా'. ఉదయం పూట తల ఊపు సరిగ్గానే ఉంది, మధ్యాహ్నం అలసిపోయాక తారుమారు అవుతోంది. అందుకని ఉదయం 8 గంటలకు, రోజుకు మూడు వీడియోలు మాత్రమే చూపిస్తున్నాను.

గడప చప్పుడు వీడియోకు గ్లాసు, చెప్పులు, దుప్పటి ముందు పెట్టాను. గ్లాసు ముట్టుకుంది. సాయంత్రం పూట తీసిన గడప చప్పుడు వీడియో చూపిస్తే గ్లాసును పక్కకు తోసి, చెప్పుల మీద చెయ్యి వేసింది. నాకు అర్థం కాక మళ్లీ చూపించాను, మళ్లీ చెప్పులే. ఎక్కడ కొడుతున్నాడో చూడమన్నట్లు ఫోను తెర మీద ఎడమచేతి వేలు పెట్టింది. ఒకటి వంటింటి గడప, ఇంకొకటి వీధి గడప. వీధి గడప మీద కొడితే వాడికి బయటికి వెళ్లాలని ఉంటుంది, నేను నెల రోజులుగా వాడికి నీళ్లు ఇస్తున్నాను. వాడు తాగుతున్నాడు కూడా పాపం, ఇచ్చినది.

గోడకు నుదురు ఆనించే వీడియో చూపించగానే మాత్రం అమ్మ కంగారు పడింది. 'అదీ, అదీ' అంటూ దిండు మీద చేత్తో గట్టిగా కొట్టింది. నిద్రా అంటే కాదంది. ప్రశ్న తిప్పి అడిగినా కాదంది. తర్వాత నా భుజం పట్టుకొని తన పక్కన మంచం మీదికి, పక్కకు తిరిగేలా లాగి పడుకోబెట్టింది, నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. దీనికి అర్థం ఎవరికైనా తడుతోందా?

డాక్టర్_కర్నూలు
జూలై 7, ఉదయం 5.50

పక్కకు తిప్పి పడుకోబెట్టి పట్టుకుందంటే, అది మూర్ఛకు ముందు వచ్చే సూచన కావచ్చునని నా అనుమానం. కొందరికి మూర్ఛకు ముందు కొన్ని క్షణాలో నిమిషాలో ఏదో తేడా తెలుస్తుంది. రూఢి అయ్యేదాకా ఇది అనుమానమే. అయినా అలా నిలబడినప్పుడు అమ్మగారు చేసినట్లే చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పోయేదేమీ లేదు. మూర్ఛ వస్తే నోట్లో ఏమీ పెట్టవద్దు, చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఉపయోగం లేదు, గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్పీచ్_థెరపిస్టు_హనుమకొండ
జూలై 7, మధ్యాహ్నం 12.30

రెండు గడపలకు రెండు అర్థాలు. మూడో మెట్టు అని నేను తక్కువగా అంచనా వేశాను, దాన్ని సరిదిద్దుకుంటున్నాను. ఒకే సైగను చోటు మార్చి వేరే అర్థానికి వాడటం చిన్న విషయం కాదు. ఆయనకు బొమ్మలు కాకపోయినా, టీచరుగారు చెప్పిన వస్తువులు అందే అవకాశం బాగా ఉంది. బయటికి వెళ్లేముందు ప్రతిసారీ ఒక పాత చెప్పు చేతికి ఇచ్చి చూడండి.

అనంతపురం_నాన్న
జూలై 7, రాత్రి 8.45

ఒక ఆఫీసు పని గుర్తుచేస్తున్నాను. అమ్మగారి పరిస్థితి దృష్ట్యా, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకురాలిగా మీ పేరు కోసం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టండి. బ్యాంకు, ఆసుపత్రి పనులకు అవసరం అవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సంభాషణ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో స్పర్శ, సంజ్ఞలు, ప్రత్యామ్నాయ పద్ధతులు అన్నీ ఉన్నాయి. ఏ కార్యాలయంలోనైనా 'మాట రాని మనిషిని అడిగేదేముంది' అంటే, ఈ చట్టం పేరు చెప్పండి, మీ నోటుపుస్తకం చూపించండి.

రేపల్లె_అక్క
జూలై 27, రాత్రి 9.15

మొన్న శుక్రవారం పొద్దున తమ్ముడు గోడకు నుదురు ఆనించాడు. ఊగుతున్నాడు. నేను పిలవలేదు, లాగలేదు, చాప పరిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి వీపు మీద చెయ్యి వేశాను. నాలుగు నిమిషాలకు మూర్ఛ వచ్చింది. 2 నిమిషాలలోపే తగ్గింది. దెబ్బ తగల్లేదు. ఏడాది కింద ఇలాగే వచ్చినప్పుడు తల పగిలి 5 కుట్లు పడ్డాయి, ఆ రోజు అమ్మ పెళ్లికి వెళ్లింది, ఇంట్లో నేనున్నాను. అమ్మ మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉంది, అయ్యాక ఎడమచెయ్యి చాచి నా తల నిమిరింది. నిన్న నరాల డాక్టరు ఈ సంగతంతా నోటుపుస్తకంలోంచే చదివి, మందు నెమ్మదిగా మార్చడం మొదలుపెట్టారు.

పుస్తకంలో ఇప్పటికి 31 పేజీలు నిండాయి. పెన్సిలు గడిలో సగం చెరిపేసి మళ్లీ రాసినవే. కొంగు ముక్క పనిచేస్తోంది, వాడే వెళ్లి లాగి తల మీద వేసుకుంటాడు. చెప్పు ఇంకా పట్టుబడలేదు, చేతికి ఇస్తే వాసన చూసి కింద పెడుతున్నాడు. రోజూ సాయంత్రం వీధి గడప దగ్గర కూర్చొని వాడు కొట్టినట్లు నేనూ కొడుతున్నాను, నర్సుగారు చెప్పినట్లు ఆగి పది లెక్కపెడుతున్నాను.

ఒక సందేహం మిగిలింది. వాడు ఒక్కోసారి రెండు దెబ్బలు, ఒక్కోసారి మూడు దెబ్బలు కొడతాడు. రెండింటి వీడియోలూ అమ్మకు చూపించాను. గ్లాసూ ముట్టుకోలేదు, చెప్పులూ ముట్టుకోలేదు, నవ్వి తన మంచం పట్టె మీద మెటికలతో మూడుసార్లు కొట్టింది. అది వాళ్లిద్దరి మధ్యదేమోనని మూడో గడిలో పెన్సిలుతో రాశాను. ఇంకేమైనా కావచ్చంటే చెప్పండి, చెరిపి రాస్తాను.